పచ్చగుడ్డ కట్టిన మూకుడు

మొన్నొక సాయంత్రం తార్నాకలో మెట్రో దిగి యూనివర్సిటీ గేటు వైపు నడుస్తుంటే ఆ వాసన ముక్కుకి తగిలింది. పెద్ద మంట మీద కాగిన నూనె, పచ్చిగా వేగే క్యాబేజీ, సోయా సాసు, ఆ వెనకే గొంతులో గరగరలాడించే వెనిగర్. ఆకలేం లేదు. ఈ వయసులో బండి మీద తినే ధైర్యం అంతకంటే లేదు. అయినా కాళ్లు ఆగాయి.

బండి వెనక యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, ముందు రెండు కడాయిలు. ఒకదాని పిడికి గుడ్డపీలిక చుట్టి ఉంది. నూనెకీ పొగకీ నల్లబడిపోయింది గానీ, వేలాడుతున్న కొసన ఇంకా పచ్చరంగు తెలుస్తోంది.

"ఆ గుడ్డ ఎందుకు కట్టారు?" అని అడిగాను.

"గది వెజ్ కడాయి అమ్మా. గుడ్డ లేంది నాన్‌వెజ్. రెండు కలవనియ్య."

"ఎవరు నేర్పారు ఇలా?"

"మా ఉస్తాద్. ఆయనకు చీనా మేడమ్ చెప్పిందంట. గీడనే మెడికల్ షాప్ మీద హోటల్ ఉండె వాళ్లది. మీకు ఎరుకుండదు తియ్యిండ్రి, శాన ఏండ్లాయె."

నాకు ఎరుక లేకపోవడమేమిటి. ఆ హోటల్లో మూకుడికి మొదటిసారి కట్టిన గుడ్డ మా అమ్మ చిలకపచ్చ చీర అంచు. చింపుతున్నప్పుడు రెండో కొస పట్టుకున్నది నేనే. ఆ మాట అతనితో చెప్పలేదు. వెజ్ నూడుల్స్ ఒక ప్లేటు ఇమ్మని, అతను లాగిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను.

అప్పట్లో మేము క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న బాటనీ లెక్చరరు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. క్వార్టర్ల వెనక చింతచెట్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య రాళ్లు. వానలు మొదలైతే పాములు దారుల మీదికి వచ్చేవి. అందుకని సాయంత్రమైతే నాన్న చేతిలో టార్చిలైటు లేకుండా గడప దాటేవారు కాదు. ఆ టార్చిలైటు నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో ఆయనకి తెలియదు.

చైనా భోజనమంటే అప్పట్లో మాకు ఊరవతలి మాట. ఆబిడ్స్‌లోనో సికింద్రాబాద్‌లోనో ఒకటీ అరా హోటళ్లు ఉండేవి. ఎర్ర కాగితం బుట్టల్లో దీపాలు, గోడ మీద డ్రాగను, ఎదుటివాళ్ల మొహం కనపడనంత చీకటి. మిలిటరీవాళ్లు, కాలేజీ ఎగ్గొట్టిన జంటలు వెళతారని చెప్పుకునేవారు. ఇక చైనా మనుషులంటే, పళ్లు కట్టే డాక్టరూ, పార్లర్ నడిపే ఆవిడా, బూట్ల దుకాణం ఆయనా. అంతా కలకత్తా నుంచి వచ్చినవాళ్లే. మా అమ్మ వాళ్లలో ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. నల్లకుంట మార్కెట్టు దాటి ఆవిడ ఒక్కతే వెళ్లిన చోటే లేదు.

అలాంటిది మా తార్నాకకే ఒక చైనా హోటలు వచ్చి వాలింది. ఇంకా తలుపులు తీయకముందే పుకార్లు లేచాయి. నూడుల్స్‌లో వానపాములు కలుపుతారనీ, క్యాంపస్‌లో పిల్లులు తగ్గిపోతున్నాయనీ. జువాలజీ ల్యాబులో కోసిన కప్పలు సాయంత్రానికి ఎక్కడికి చేరుతున్నాయో తెలుసా అని హాస్టలు కుర్రాళ్లు ఎవరో వేళాకోళమాడితే, మా ఎదురు క్వార్టరు పిన్నిగారు అది నిజమేననుకుని జువాలజీ హెడ్డుగారి భార్యని వీధిలో నిలేసింది. ఆ ఇద్దరికీ మళ్లీ మాటలు కలవడానికి ఎంతో కాలం పట్టింది.

నాన్నకి మాత్రం కొత్తదేదైనా రుచి చూడాలని ఉండేది. మొక్కల ఆకులు నలిపి, వాసన చూసి, నాలిక్కి రాసుకునే మనిషి. జీతాలు వచ్చిన వారం ఒక ఆదివారం మమ్మల్ని అందర్నీ తీసుకెళ్లారు. అమ్మ వస్తానన్నదే గొప్ప. వస్తూ వస్తూ చేతిసంచిలో స్టీలు బాక్సు పెట్టుకుంది. అందులో పెరుగన్నం, ఓ పక్కన మాగాయ ముక్క. పెరుగు లేకుండా లేస్తే అది భోజనమే కాదని ఆవిడ లెక్క. అదీ గాక, ఆ హోటల్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదని ఇంట్లోనే తీర్మానించుకుని బయల్దేరింది.

లోపల ఎర్రదీపాల చీకటి. గోడ మీద బోర్డు: బయటి తినుబండారాలు లోపలికి తేరాదు. సరిగ్గా ఆ బోర్డు కిందే మాకు బల్ల దొరికింది. నూడుల్స్ రాగానే నాన్న ఏం చేశారనుకున్నారు, టార్చి తీసి ప్లేటు మీదికి వేశారు. గుడ్డు ఉందేమోనని ఫోర్కుతో ఒక్కొక్క పోగూ పక్కకి తప్పించి వెతకడం మొదలుపెట్టారు. చీకట్లో మా బల్ల ఒక్కటీ నాటకం స్టేజీలా వెలిగిపోతోంది. అన్ని బల్లల వాళ్లూ తిరిగి చూస్తున్నారు. తమ్ముడు స్వీట్ కార్న్ సూపుని ఫ్రైడ్ రైసు మీద పోసుకుని, చారన్నంలా కలిపి జుర్రుతున్నాడు. అమ్మ పమిట చాటున బాక్సు మూత తీసింది. మాగాయ వాసన గుప్పుమంది. నాకు పదమూడేళ్లు. బల్ల కింద దూరిపోతే బాగుండుననిపించింది. ఆ రోజు నేను సిగ్గనుకున్నది అది. అసలు సిగ్గు ఎలా ఉంటుందో తెలియడానికి ఇంకొంత కాలం పట్టింది.

కౌంటరు దగ్గర్నుంచి హోటలావిడ లేచి వచ్చింది. తరవాత మేము ఆంటీ అని పిలిచింది ఆవిడనే. పొట్టిగా, గుండ్రటి మొహం, కత్తిరించిన జుట్టు, పూల గౌను.

"క్యా ఢూండ్‌రే సార్? ఏమన్న పడ్డదా?"

నాన్న టార్చి ఆర్పి నసిగారు. "అబ్బే, ఏం లేదండీ. మా ఆవిడ గుడ్డు తినదు. అందుకని చూస్తున్నాను."

"ఎగ్ లేదు సార్. నేనే దగ్గరుండి చేయించిన." అంటూ ఆవిడ అమ్మ వైపు తిరిగింది. పమిట కింద బాక్సు, అమ్మ చేతికంటిన మెతుకులు, అన్నీ చూసింది. బోర్డు వైపు మాత్రం చూడలేదు. "దీదీ, మీకు నమ్మకం లేదు గద. లోపటికి రాండ్రి. మీ కండ్లతోనే చూసుకోండ్రి."

అమ్మ వెళ్లదనుకున్నాను. వెళ్లింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ వంటగదిలో అడుగు పెట్టింది. రోడ్డు రోలరులా మోగే పెద్ద స్టవ్వు, చెమటలు కారుస్తూ ఆంటీ వాళ్లాయన, పక్కన ఉల్లికాడలు తరుగుతూ మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే వంటమనిషి ఒకడు. అమ్మ గోడలు చూసింది, డబ్బాల మూతలు తీసి చూసింది, చివరికి మూకుడు దగ్గర ఆగింది.

"అన్నీ దీంట్లోనే వేయిస్తున్నారు కదమ్మా. కోడి వేగినదాంట్లోనే నా క్యాబేజీ వేయిస్తే అది శాకాహారం ఎట్లా అవుతుంది?"

"కడిగి చేస్తం దీదీ."

"కడిగితే పోతుందా?"

ఆంటీ కోపగించుకోలేదు. కాసేపు ఆ మూకుడు వైపే చూసి, "సహీ బాత్. వేరే కడాయి తెస్త," అంది.

"తెస్తే సరా? ఏది ఏదో హడావుడిలో వీళ్లకి గుర్తుండొద్దూ," అంది అమ్మ. అలా అన్న మనిషి ఊరుకోలేదు. మర్నాడే పాత చిలకపచ్చ చీర తీసి అంచు చింపింది. తరవాతి ఆదివారం కొత్త మూకుడి పిడికి తన చేత్తోనే చుట్టి, గట్టిగా ముడేసింది. ఆంటీ వాళ్లాయన నవ్వుతూ చూశాడు. ఆ రోజు అమ్మ బల్ల దగ్గర నిటారుగా కూర్చుని మొదటిసారి నూడుల్స్ తింది. "మన సేమ్యా ఉప్మాకి చుట్టమే," అని తీర్పు చెప్పింది.

ఆవిడ తిన్నదట అన్న మాట క్వార్టర్లలో పాకిపోయింది. అమ్మ ఎంత పట్టుదల మనిషో అందరికీ తెలుసు. ఎదురింటి పిన్నిగారు పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరింది. కప్పల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆదివారం సాయంత్రాలు ఆ మెట్ల మీద సగం మంది క్యాంపస్ వాళ్లే. అప్పటిదాకా ఖాళీ బల్లల మధ్య ఈగలు తోలుకుంటున్న ఆంటీకి ఇప్పుడు కూర్చునే తీరిక లేదు. అయినా మేము వెళితే మాత్రం అన్నీ వదిలి వచ్చేది. భోజనం ఆఖర్న అమ్మ ముందు చిన్న గిన్నెలో తోడుపెట్టిన పెరుగు, ఇంత తెల్లన్నం పెట్టించేది. "డబ్బా మోసుకొచ్చుడు ఎందుకు దీదీ, గీడ లేదా?" అనేది. కొన్నాళ్లకి మెనూ కార్డు అడుగున పెన్నుతో కర్డ్ రైస్ అని రాసి ఉంది. చైనా హోటల్లో పెరుగన్నం పెట్టించిన ఘనత మా అమ్మదేనని నాన్న ఊరంతా చెప్పుకున్నారు. తమ్ముడేమో తను పాము తిన్నానని క్లాసులో చెప్పుకున్నాడు. నాన్నని బడికి పిలిపించారు.

అమ్మకి స్నేహితురాలు అనదగ్గ మనిషి ఉండడం నేను చూసింది అప్పుడే. ఇద్దరూ కౌంటరు పక్కన నిలబడి మాట్లాడుకునేవారు. కలకత్తాలో వాళ్ల నాన్న తోళ్ల పని గురించి ఆవిడ, కృష్ణ కాలవ గట్టున వాళ్ల నాన్న బడి గురించి అమ్మ. సగం మాటలు ఒకరివి ఒకరికి తెలియవు. అయినా ఆగేవారు కాదు.

చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం మా గేటు ముందు రిక్షా ఆగింది. ఆంటీ దిగింది. ఎర్రటి పట్టు జాకెట్టు వేసుకుంది. రెండు చేతులా ఒక స్టీలు డబ్బా పట్టుకుని ఉంది.

"ఇయ్యాల మా పండగ దీదీ. కొత్త సాలు," అంది. "బియ్యప్పిండి, బెల్లం, అంతే. ఎగ్ లేదు. గిన్నె గూడ కొత్తదే కొన్న. మీరు అడుగుతరని నాకెరుకే."

అమ్మ మొహం నిజంగా వెలిగింది. అది అబద్ధం కాదు. "రండి రండి," అంటూ ఎదురెళ్లింది. వరండాలో పేము కుర్చీ దులిపి వేసింది. మా ఇంట్లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న లెక్క ఒకటుండేది. ఎవరూ నోటితో చెప్పేవారు కాదు, పిల్లలకి కూడా తెలిసిపోయేది. కొందరు హాల్లోకి వస్తారు. కొందరు తిన్నగా వంటింట్లోకి వచ్చి పీట లాక్కుంటారు. కొందరికి వరండా. ఆంటీకి వరండా అని అమ్మ ఆలోచించి చేసిందనుకోను. ఆలోచించలేదు, అదే ఇప్పటికీ నన్ను తొలిచేది.

లోపల అమ్మ కాఫీ కలిపింది. మంచి డికాక్షను, చిక్కటి పాలు, అందులో ఏ లోటూ లేదు. నా వైపు చూడకుండా, "కిటికీలో గ్లాసు పట్రా," అంది.

వరండా కిటికీ అరుగు మీద ఒక గ్లాసు బోర్లించి ఉండేది. అంచున చిన్న సొట్ట. పనిమనిషికీ, గ్యాసు బండ తెచ్చేవాడికీ, చెట్లు కొట్టడానికి వచ్చేవాళ్లకీ అందులో పోసేవాళ్లం. తాగినవాళ్లు కడిగి, మళ్లీ అక్కడే బోర్లించాలి. రోజూ అది తడి ఆరీ ఆరకముందే పెట్టడం వల్ల ఆ అరుగు మీద గుండ్రటి మచ్చ పడిపోయింది.

"ఆంటీకా?" అన్నాను.

"తెమ్మన్నానా లేదా?"

తెచ్చాను. అమ్మ పైనుంచి కాఫీ పోసింది. నేనే తీసుకెళ్లి ఆవిడ చేతికిచ్చాను.

ఆంటీ మెచ్చుకుంటూ తాగింది. తమ్ముడి జుట్టు చెరిపింది. గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, నవ్వుతూ, "దీదీ, మీ వంటిల్లు చూపియ్యరా?" అంది. "నాది మీరు మొత్తం చూసిన్రు. మూతలు గూడ తీసి చూసిన్రు."

అమ్మ లేచింది. లేచి, వెళ్లి గుమ్మంలో నిలబడింది. పక్కకి జరిగితే చాలు, ఆవిడ లోపలికి వచ్చేది. జరగలేదు. తలుపు రెక్క మీద చెయ్యి వేసి, "ఇల్లంతా చిందరవందరగా ఉందండీ. ఈసారి వచ్చినప్పుడు చూద్దురుగాని," అంది.

మా అమ్మ వంటిల్లు ఎప్పుడూ చిందరవందరగా ఉండదు. అమ్మకి తెలుసు, నాకు తెలుసు. ఎదురుగా ఉన్న మనిషికీ తెలిసింది.

ఆంటీ మొహంలో నవ్వు పోలేదు. అలాగే ఉంది, అంతే. చేతిలోని గ్లాసు వైపు చూసింది. బొటనవేలితో ఆ సొట్ట తడిమింది. కిటికీ అరుగు మీది మచ్చ చూసింది. వరండా మెట్లు దిగి, మొక్కలకి పెట్టిన కొళాయి కింద గ్లాసు శుభ్రంగా కడిగింది. తిరిగి వచ్చి, సరిగ్గా ఆ మచ్చ మీద బోర్లించింది.

"అయ్యో, అక్కడ వదిలెయ్యండి, పిల్ల కడుగుతుంది," అంది అమ్మ. అప్పటికే ఆలస్యమైంది.

"పర్వలేదు దీదీ. నాకు ఆదతే, అలవాటే," అంది ఆంటీ. నా చెంప మీద చల్లటి తడిచేత్తో చిన్నగా తట్టి, రిక్షా ఎక్కి వెళ్లిపోయింది.

పనిమనిషి రోజూ ఆ గ్లాసు కడిగి అక్కడ పెడుతుంటే ఏళ్ల తరబడి చూశాను. ఒక్కరోజు కూడా నాకేమీ అనిపించలేదు. ఆంటీ పెడితే గానీ కళ్లు తెరుచుకోలేదంటే, అది ఇంకో సిగ్గు.

డబ్బా వరండాలోనే ఉండిపోయింది. అమ్మ పారెయ్యలేదు, లోపలికీ తేలేదు. మర్నాడు తమ్ముడు, నేను మూత తీశాం. గోధుమరంగులో, మెత్తగా, పైన నువ్వులు. చాకుతో కోస్తే సాగింది. నోట్లో వేసుకున్నాను. తినగానే తెలిసిపోయింది.

"అమ్మా, ఇది చలిమిడే," అన్నాను. "మన చలిమిడిలాగే ఉంది."

అమ్మ బియ్యం ఏరుతోంది. చేతులు ఆగాయి. చలిమిడి ఎవరికి పెడతారో మా వైపు ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. పుట్టింటినుంచి వెళ్లే ఆడపిల్లకి, కడుపు చల్లగా ఉండాలని ఒళ్లో పెట్టి పంపుతారు. అమ్మ లేచి వచ్చింది. గోటితో ఇంత ముక్క గిల్లి నోట్లో వేసుకుంది. గుమ్మంలోనే నిలబడి, చాలాసేపు నమిలింది.

ఆ తరవాత అమ్మ హోటలుకి రాలేదు. "ఆకలిగా లేదు, మీరు వెళ్లి రండి," అనేది. ఆంటీ మొదటిసారి "దీదీ రాలే?" అని అడిగింది. రెండోసారి అడగలేదు. మాకు మామూలుగానే వడ్డించింది. పచ్చగుడ్డ మూకుడు పొయ్యి మీదే ఉంది. పెరుగు గిన్నె మాత్రం మా బల్ల మీదికి రాలేదు, తినేవాళ్లు లేరు గనక.

ఇక ఆ డబ్బా సంగతి. ఒకరి ఇంటినుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏదో ఒకటి వేసి పంపాలి, కనీసం ఇంత పంచదారైనా. అమ్మ ఏ పిండివంట చేసినా మొదటి వాయి ఆ డబ్బాకని పక్కన పెట్టేది. జంతికలు పెట్టింది, కజ్జికాయలు పెట్టింది. రెండు రోజులాగి మాకే పెట్టేసేది. నాన్న "నేను ఇచ్చి వస్తానే," అంటే, "నేనే ఇవ్వాలి," అనేది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళుతుంది? నాకూ అర్థమయ్యేది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, మళ్లీ తీసేసేది.

చివరికి వేసవి సెలవుల్లో ఒకరోజు, పొద్దున్నే బియ్యం దంపించి, పచ్చిపిండి ఆరకముందే బెల్లం పాకం పట్టి, చలిమిడి చేసింది. కొబ్బరిముక్కలు, నువ్వులు వేసింది. డబ్బా నిండా పెట్టి, పైన కొత్త జాకెట్టు గుడ్డ మడిచి పెట్టింది. ఎండలో నన్ను తోడు తీసుకుని తార్నాక దాకా నడిచింది. దారిలో ఒక్కసారే మాట్లాడింది. "ఇంటికి రమ్మని పిలుస్తాను. వంటింట్లోనే కూర్చుందాం," అంది.

మెట్ల పైన షట్టరు వేసి ఉంది. బోర్డు తీసేసిన చోట గోడ తెల్లగా ఉంది. కింద మెడికల్ షాపతను, "వాళ్లు ఖాళీ చేసిన్రమ్మా, కిరాయి కాడ పంచాయితీ అయింది," అన్నాడు. కలకత్తా వెళ్లిపోయారన్నారు ఒకరు. కాదు, మౌలాలి వైపు ఎక్కడో చిన్నది పెట్టుకున్నారన్నారు ఇంకొకరు. అమ్మ ఆ మెట్ల మీదే కూర్చుంది, డబ్బా ఒళ్లో పెట్టుకుని. ఇంటికి వచ్చాక ఆ చలిమిడి మేము తిన్నాం. అమ్మ తినలేదు. కిటికీ మీది గ్లాసు ఆ వారంలోనే లోపలికి వెళ్లిపోయింది. ఏమైందని నేను అడగలేదు.

ఇప్పుడు చైనా తిండి లేని సందు లేదు. ఫోను నొక్కితే వాకిట్లోకి వస్తుంది. పెళ్లిళ్లలో గోంగూర పక్కనే మంచూరియా. నేను వండగలను, నా మనవలు పుల్లలతో తినగలరు. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ డబ్బా నా దగ్గరే ఉంది. ఖాళీగా ఉంచకూడదని ఎప్పుడూ ఇంత బియ్యం పోసి ఉంచుతాను.

"తినుండ్రి అమ్మా, సల్లారిపోతది," అన్నాడు బండి అతను. ప్లేటు నా చేతిలోనే ఉండిపోయింది.

"ఆ చైనా మేడమ్ తరవాత ఎక్కడికి వెళ్లిందో మీ ఉస్తాద్ ఏమైనా చెప్పేవాడా?" అని అడిగాను.

"మౌలాలి కాడ కొన్నొద్దులు నడిపిన్రంట. అటెన్క ఎరుక లేదమ్మా. మా ఉస్తాద్ గూడ పోయిండు." అతను పచ్చగుడ్డ కడాయిని ఒక్క ఊపు ఊపి, మంట తగ్గించాడు. "ఆమె గురించి శాన చెప్తుండె. మస్తు నీట్ మనిషంట. హోటల్‌కి వచ్చే అమ్మలు ఇండ్లకు పిలిస్తే పోతుండెనంట, గని ఎవరి గ్లాసుల తాగకపోతుండెనంట. బ్యాగుల సొంత గ్లాస్ పెట్టుకొని పోతుండె. చాయ్ పోస్తమంటె గది తీసి ముందట పెడుతుండె. నీట్ అంటె గట్లుండాలె అని మాకు చెప్తుండె ఉస్తాద్."

చెబుతూ ఆ మనిషి గర్వంగా నవ్వాడు, తన ఇంటి పెద్ద గురించి చెబుతున్నట్టు.

"అవును, శుభ్రమైన మనిషే," అన్నాను. తల వంచుకుని నూడుల్స్ తిన్నాను.

మా ఇంటికి వచ్చిన రోజు ఆవిడ వెంట గ్లాసు తెచ్చుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు.